మ్యాగజైన్ లేని తుపాకీ

తుపాకుల గురించి తనకు తెలియనిది లేదని మా ఆయన పెళ్లయిన కొత్తలోనే నాతో చెప్పారు. అలాగని ఆయన మిలటరీలో చేసిన మనిషేం కాదు. మా మామగారు కృష్ణా జిల్లాలో తిరునాళ్లకూ, క్రైస్తవ సభలకూ తిరుగుతూ బెలూన్లు కాల్చే కొట్టు పెట్టేవారు. నిలబెట్టిన చెక్క పలక, దాని నిండా మేకులు, మేకుకొక బెలూన్, వెనకాల ఒక రేకు, ముందు బల్ల మీద పొడుగాటి ఎయిర్ గన్. మా ఆయన చిన్నతనమంతా ఆ బెలూన్లు ఊదడంతోనే గడిచింది. ఇప్పటికీ ఆయన బుగ్గలు కాస్త సాగినట్టుంటాయి, నేను ఏడిపిస్తే తడుముకుని చూసుకుంటారు.

ఆ తుపాకీ పరిజ్ఞానం ఒమన్‌లో అక్కరకొస్తుందని మేమిద్దరం కలలో కూడా అనుకోలేదు.

నేను అక్కడి రుస్తాఖ్ పట్టణంలో నర్సుగా చేరిన రెండేళ్లకు ఆయన ఫ్యామిలీ వీసా మీద వచ్చారు. వచ్చిన వేళావిశేషమేమో గాని, చమురు ధర పడిపోయి కంపెనీలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపిస్తున్న రోజులవి. బయోడేటా పట్టుకుని రుస్తాఖ్ అంతా తిరిగారు, మస్కట్ తిరిగారు. ఎక్కడా పని దొరకలేదు. ఇంట్లో వంట ఆయనదే, నన్ను డ్యూటీకి దింపి మళ్లీ తీసుకొచ్చేదీ ఆయనే. చేపల పులుసు నాకంటే బాగా పెడతారు. నాకు ఆ ఏర్పాటు హాయిగానే ఉండేది. ఆయనకు ఎలా ఉందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

గల్ఫ్‌లో ఇద్దరు మగవాళ్లు కలిస్తే మొదటి మాట పేరు కాదు, కంపెనీ. "ఏ కంపెనీ బ్రదర్?" అని ఎవరైనా అడగ్గానే మా ఆయన నా వైపు చూసేవారు. "మా మిసెస్ ఇక్కడ ఆసుపత్రిలో..." అని మొదలుపెట్టేవారు. ఇక మాటలన్నీ నా మీదికి మళ్లేవి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. "సిస్టర్ గారి భర్త" అనేవారు. వందనాలు చెప్పి, కుర్చీలు వేయించి, కుర్చీలు తీయించి పంపేవారు.

మా సంఘం ప్రతి నవంబర్ సెలవుల్లో రుస్తాఖ్ దగ్గర ఒక తోట అద్దెకు తీసుకుని పిక్నిక్ పెడుతుంది. ఆ ఏడు ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. సంఘ పెద్ద గారు మస్కట్‌లో ఒక కంపెనీ స్టోర్ చూసే పెద్దాయన, ప్రతిదానికీ జాగ్రత్త ఎక్కువ. "నిమ్మకాయ చెంచా, కుర్చీలాట తప్ప కొత్తదేమైనా చెప్పండమ్మా, పిల్లలకు విసుగొచ్చేసింది" అన్నారు. వెనక కుర్చీలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"బెలూన్లు కాల్చే కొట్టు పెడదామండీ. నేను చూసుకుంటాను."

రెండేళ్లలో ఆయన సంఘంలో నోరు తెరవడం అదే మొదలు. నేనే వెనక్కి తిరిగి చూశాను.

"తుపాకీ అంటే... ఈ దేశంలో బాగుంటుందా బ్రదర్?" అన్నారు పెద్దాయన.

"బొమ్మదేనండీ. ప్లాస్టిక్ గుళ్లు. బెలూన్ తప్ప ఇంకేదీ పగలదు."

పెద్దాయన చాలాసేపు ఆలోచించి షరతులు పెట్టారు. తుపాకీ పెట్టెలోనే ఉండాలి, పెట్టె కారు డిక్కీలో ఉండాలి, తోట గేటు వేశాకే బయటికి తీయాలి, కాల్చేవాళ్లూ దగ్గర నిలబడేవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. మా ఆయన అన్నింటికీ తల ఊపారు. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినకుండా కాగితం మీద పలక బొమ్మ గీస్తూ కూర్చున్నారు. అడ్డంగా ఎనిమిది మేకులు, నిలువుగా ఆరు. మధ్యలో మామగారి కొట్టు కబుర్లు. అంతసేపు ఆయన మాట్లాడటం ఒమన్ వచ్చాక నేను వినలేదు.

తుపాకీ కోసం మస్కట్‌లోని అజైబా వెళ్లాం. అక్కడ బొమ్మలూ, క్యాంపింగ్ సామాన్లూ అమ్మే షాపు ఒకటుంది. సేల్స్‌మన్ మలయాళీ. గాజు బీరువాలోంచి ప్లాస్టిక్ గుళ్లతో కాల్చే మూడు ఎయిర్‌సాఫ్ట్ రైఫిళ్లు తీసి పరిచాడు. మా ఆయన వాటిని చూసిన తీరు చెప్పాలి. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

మొదటిది బ్యాటరీతో పనిచేసేది. మీట నొక్కి పట్టుకుంటే గుళ్లు ధారగా పోతాయని సేల్స్‌మన్ గొప్పగా చెప్పాడు. "ఇలాంటిదైతే గురి ఎందుకు? నీళ్ల గొట్టం పట్టినట్టు పట్టడమే" అని పక్కన పెట్టారు. రెండోది నల్లగా, పొట్టిగా, చూడటానికి భయంగా ఉంది. భుజానికి ఆనించి, చెంప పెట్టి, పెదవి విరిచారు. పిల్లల చేతికి అందదట, పెద్దల చెంపకు ఆనదట. మూడోది పొడుగాటి గొట్టం, గోధుమ రంగు ప్లాస్టిక్ మడమ, ఒక్కో గుండుకూ ఒక్కోసారి లాగాల్సిన స్ప్రింగు. దాన్ని ఎత్తి ఒక కన్ను మూసి దుకాణం చివర వేలాడుతున్న ఫుట్‌బాల్ వైపు చూశారు. దించి మళ్లీ ఎత్తారు. "ఇది మా నాన్న తుపాకీలా ఉందే" అన్నారు మెల్లగా. ఇక బేరమేం ఆడతారులే అనుకుని నేను పక్క సూపర్ మార్కెట్లోకి కూరగాయలకు వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి పెట్టె కట్టించేసుకున్నారు. "సగం ధరకే ఇచ్చాడు, తెలుసా" అన్నారు కారెక్కుతూ. దారి పొడుగునా నేను ఆయన తెలివిని మెచ్చుకుంటూనే వచ్చాను. అది కూడా ఒప్పుకోవాలి.

మర్నాడు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి హాల్లో చాప మీద తుపాకీ, దాని ముందు మా ఆయన. తుపాకీని రెండు చేతులా పట్టుకుని మోకాలి మీద పెట్టి చెరకు గడ విరిచినట్టు విరవబోతున్నారు.

"ఇది మధ్యలో విరగడం లేదేంటే?"

మా మామగారి తుపాకీ నడుం దగ్గర మడత పడుతుంది. మడిచి, గొట్టం వెనక ఒక్క గుండు పెట్టి, మళ్లీ మూసి కాలుస్తారు. మా ఆయన జీవితంలో వేల సార్లు చేసిన పని అది. తుపాకీ అంటే అలా విరిగేదే అనుకున్నారు. సేల్స్‌మన్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "భాయ్, మ్యాగజైన్ నహీ హై, డిస్‌ప్లే పీస్ హై, బోలా థా నా? ఇసీలియే హాఫ్ ప్రైస్" అన్నాడతను. మ్యాగజైన్ లేని షోకేసు తుపాకీ కాబట్టే సగం ధర అని ముందే చెప్పాడు, నిజమే. మ్యాగజైన్ అంటే సైనికులు నడుముకు కట్టుకునే అదనపు గుళ్ల సంచీ లాంటిదనుకుని, "మనకెందుకు, పిక్నిక్కే కదా" అని ఈయన సంబరంగా సంతకం పెట్టి వచ్చారు. ఈ తుపాకీలో గుండు పెట్టే దారి అదొక్కటే. కింద ఒక పలచటి పెట్టె దూరాలి, అందులోంచి గుళ్లు ఒక్కొక్కటీ పైకి రావాలి. ఆ పెట్టె లేకపోతే అది గోధుమ రంగు కర్ర.

నాకు నోరు కాస్త పెద్దది. డ్యూటీ దిగాక ఇంకా పెద్దదవుతుంది. ఆ రోజు పన్నెండు గంటలు నిలబడి వచ్చాను.

"రెండేళ్లలో మీకప్పజెప్పిన పని ఇదొక్కటి. బొమ్మ తుపాకీ కూడా చూసి కొనలేకపోతే ఎలాగండీ?"

ఆయన తుపాకీని పెట్టెలో పెట్టి, మూత వేసి, వంటింట్లోకి వెళ్లి నాకు అన్నం వడ్డించారు. నేను సగం తిన్నాక అన్నారు. "పిక్నిక్ మాట పెద్దాయనకు ఇచ్చాను కాబట్టి అది అయ్యేదాకా ఉంటాను. ఆ తర్వాత వారానికి నాకు టికెట్ చూడు. తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర మనిషి కావాలంటున్నాడు."

కోపంగా అంటే పోట్లాడేదాన్ని. మామూలుగా, మజ్జిగ కావాలా అని అడిగినట్టే అన్నారు. తప్పయిందని అప్పుడే చెప్పి ఉండాల్సింది. మజ్జిగ పోసుకుని ఊరుకున్నాను.

టికెట్ చూడలేదు. మ్యాగజైన్ చూడటం మొదలుపెట్టాను.

రుస్తాఖ్ సూక్‌లో అంటే అక్కడి పాత బజారులో, పండగలకు పిల్లలు కొనే బొమ్మ తుపాకులు కుప్పలుగా ఉంటాయి. నాలుగు రోజుల్లో మూడు రకాలు మ్యాగజైన్లతో సహా తెచ్చాను. ఆయన వద్దనలేదు. అలవాటైన మనిషి కాబట్టి చాప పరిచి కూర్చున్నారు. మొదటి మ్యాగజైన్ లావు, తుపాకీ నోట్లోకే పోలేదు. గరుకు కాగితంతో రెండు గంటలు రుద్దారు, ఇల్లంతా ప్లాస్టిక్ పొడి అయింది గాని అది తగ్గలేదు. రెండోది సుఖంగా లోపలికి పోయింది, అంతే సుఖంగా కింద పడింది. మ్యాగజైన్ పక్కన ఒక చిన్న గాడి ఉండాలట, తుపాకీ లోపలి పన్ను అందులో పడితేనే నిలబడుతుందట. దీని గాడి వేలెడు కిందికి ఉంది. నా దగ్గరున్న మెడికల్ ప్లాస్టర్ చుట్టలు చుట్టలుగా వేసి బిగించాను. కాలు విరిగిన పేషెంటుకు కూడా అంత కట్టు కట్టను. లాగి కాల్చారు. బుస్సుమని గాలి వచ్చింది, గుండు రాలేదు. గుండు పైకి వచ్చే రంధ్రం ఒకచోట, గొట్టం ఒకచోట.

మూడోది టక్కుమని కూర్చుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాలిస్తే రెండు గుళ్లు కలిసి వచ్చి గొట్టంలో ఇరుక్కున్నాయి. తుపాకీ వంచితే ఒకదాని వెనక ఒకటి చాప మీద దొర్లాయి.

"పోనీలే, నిమ్మకాయ చెంచా ఉందిగా" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూడలేకపోయాను.

మర్నాడు టీ బ్రేక్‌లో నేనే అజైబా షాపుకు ఫోన్ చేశాను. నా హిందీ అంతంతమాత్రం, అతని హిందీ నాకంటే ఒక మెట్టు కింద. అయినా బతిమాలడానికి భాష అడ్డం రాలేదు. ఆ మోడల్ రెండే పీసులు వచ్చాయని, రెండోది రెండు మ్యాగజైన్లతో సహా ఇబ్రా అనే ఊరి నుంచి వచ్చిన మనిషి కొన్నాడని చెప్పాడు. "తుమ్హారా భాషావాలా" అన్నాడు. మన తెలుగువాడేనన్నమాట. బిల్లు మీద నంబర్ ఉందట. ఆ మనిషిని అడిగి, సరేనన్నాకే నాకు నంబర్ పంపాడు.

నా ఆఫ్ రోజు పొద్దున్నే మా తుపాకీ పెట్టె డిక్కీలో వేసుకుని బయల్దేరాం. రుస్తాఖ్ నుంచి ఇబ్రాకు మూడు గంటల దారి. దారిలో ఆయన రెండు ముక్కలు కూడా మాట్లాడలేదు. ఇబ్రాలో టీ కొట్టు ముందు ఒక బక్కపల్చటి మనిషి, కంపెనీ టోపీ, చంకలో గుడ్డ చుట్టిన పెట్టె. జగిత్యాల వైపు మనిషి, తాపీ పని. రూమ్‌లో ఏడుగురు ఉంటారని, ఆడమనిషి రావడం బాగుండదని మమ్మల్ని అక్కడికే రమ్మన్నాడు. మాకంటే ముందే మూడు చాయ్‌లు చెప్పి ఉంచాడు.

"మీకెందుకు కొన్నారు ఇది?" అన్నాను నేను ఆగలేక.

"కోతులకక్కా. మా ఊర్ల కోతులతోని శాన పరేషాన్ ఉన్నది. మక్క చేన్ల ఒక్క కంకి మిగలనిస్తలేవు. మా ఇంటామె ఫోన్ చేస్తే గదే ముచ్చట. పోయేటప్పుడు తీస్కపోదామని కొన్న. ఎయిర్‌పోర్టుల ఆపుతరని ఫోర్మెన్ చెప్పిండు. గప్పటి సంది రూమ్‌ల పండుకున్నది."

అప్పుడు మా ఆయన వైపు తిరిగి అందరూ అడిగేదే అడిగాడు. "అన్నా, నీది ఏ కంపెనీ?"

నేను చాయ్ గ్లాసులోకి చూశాను. మా ఆయన నా వైపు చూడలేదు.

"కంపెనీ లేదు తమ్ముడూ. బెలూన్లు కాల్చే కొట్టు. మా నాన్నది."

అతనికి అందులో వింతేమీ కనిపించలేదు. "అయితె నీకు ఎర్కనే ఉంటది. జెర మా దాన్ని సూడు, కుడి పక్కకు కొడ్తున్నది" అన్నాడు.

నడిబజార్లో తుపాకులు తీయకూడదు కదా. ఇద్దరూ మా కారు వెనక సీట్లో దూరారు. పైన నా శాలువా. నేను తలుపుకు ఆనుకుని కాపలా. లోపల్నుంచి మాటలు వినిపిస్తున్నాయి. మా ఆయన అతని తుపాకీ గురి మేకు ఎలా తిప్పాలో, స్ప్రింగు లాగి వదిలేస్తే ఎలా పాడవుతుందో, చెంప ఎక్కడ పెట్టాలో చెబుతున్నారు. అతను "అట్లనా" "అట్లనా" అంటున్నాడు. అలా వివరించి చెప్పే మనిషిని నేను ఎంతకాలం చూడలేదో అప్పుడు లెక్కకొచ్చింది. ఇంట్లోనే ఉన్న మనిషిని.

కాసేపటికి అతని మ్యాగజైన్ మా తుపాకీలో టక్కుమని కూర్చుంది. తర్వాత కారు లోపలి చాపకు గుండు తగిలిన చప్పుడు. ఒక్కటే గుండు.

"కోతిని మాత్రం కొట్టకు తమ్ముడూ" అంటున్నారు మా ఆయన. "కంట్లో తగిలితే పాపం. మా నాన్న బెలూన్ల వెనక రేకు కట్టేవాడు. తప్పిన గుండు రేకుకు తగిలితే ఆ మోతకు చెట్టు మీద కాకులన్నీ లేచిపోయేవి. చేను గట్టున రేకు కట్టించి, దాన్ని కొట్టు."

లోపల్నుంచి అతని గొంతు.

"రేకును కొట్టెతందుకు తుపాకెందుకన్నా? కట్టెతోని కొడ్తె సాలదా?"

ముగ్గురం నవ్వాం. అతను కారు దిగి అక్కడికక్కడే భార్యకు ఫోన్ చేసి రేకు సంగతి చెప్పాడు. ఆమె అటునుంచి ఏదో గట్టిగా అంది. "ఇన్నొద్దులు గీ తెలివెటు పోయిందని తిడ్తున్నది" అని మాకు చెప్పి, రెండు మ్యాగజైన్లూ మా ఆయన చేతిలో పెట్టాడు. ఒకటి చాలని, పిక్నిక్ కాగానే తెచ్చి ఇస్తామని మేమెంత చెప్పినా వినలేదు. "తుపాకి మాత్రం ఇయ్యనన్నా. మంచిగ సూపిచ్చినవు కదా, జెరసేపు సూస్కుంట" అన్నాడు. చాయ్ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

తిరుగు దారిలో మా ఆయన ఇబ్రా నుంచి ఇంటిదాకా మాట్లాడుతూనే ఉన్నారు. టికెట్ మాట మాత్రం రాలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తితే గుర్తొస్తుందేమోనని భయం.

పిక్నిక్ రోజు తోట గేటు వేశాక పెట్టె తెరిచారు. ఖర్జూరపు చెట్ల మధ్య పలక, వెనక రేకు, తాడు కట్టిన గీత, బల్ల మీద కళ్లద్దాలు. ఒక మ్యాగజైన్ తుపాకీలో, ఒకటి జేబులో. ఇది ఖాళీ అయ్యేసరికి అది నిండి ఉండేది. తుపాకీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆయన పిలుపు మొదలుపెట్టారు. "రండమ్మా రండి, గురి ఉన్నవాళ్లు కొట్టండి, లేనివాళ్లు నేర్చుకుని కొట్టండి." అది మామగారి పిలుపట. ఆ గొంతుకు నిమ్మకాయ చెంచాల దగ్గరున్న పిల్లలు చెంచాలు పడేసి వచ్చారు. పాస్టరు గారు పదికి రెండు కొట్టారు. సంఘ పెద్ద గారు పదికి ఏడు కొట్టి, మళ్లీ వరసలో నిలబడ్డారు, మళ్లీ కొట్టి మళ్లీ నిలబడ్డారు. గురి తప్పినవాళ్లకు మా ఆయన వెనక నిలబడి మోచేయి సరిచేసేవారు. మధ్యాహ్నానికి అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. అన్నం వేళ పెద్దాయన, "వచ్చే ఏడు పలక ఇంకొంచెం పెద్దది చేద్దాం బ్రదర్" అన్నారు. మా ఆయన నవ్వారు గాని, అవుననలేదు, కాదనలేదు. నాకు బిర్యానీ సహించలేదు.

సాయంత్రం అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. పలక మీద ఒక్క పసుపు బెలూన్ మిగిలింది. మా ఆయన తుపాకీ నాకిచ్చారు.

"మా నాన్న ఆఖరి బెలూన్ ఎప్పుడూ మా అమ్మ చేతే కొట్టించేవాడు" అన్నారు. "కొట్టు."

రోజంతా ఇంత మంది కొట్టారు, నేను ముట్టుకోలేదు. భుజానికి ఆనించాను. మొదటిది రేకుకు తగిలింది, రెండోది ఎక్కడికి పోయిందో తెలియదు. మూడోదానికి ఆయన నా వెనక నిలబడి మోచేయి కిందికి నొక్కారు. ఒక కన్ను మూసుకుని, ఎదురుగా బెలూన్ తప్ప మనిషి మొహం కనిపించదు కాబట్టి ధైర్యం వచ్చిందేమో, అనేశాను.

"ఆ రోజు అలా అనడం నాదే తప్పండీ. నేను టికెట్ చూడలేదు. చూడను కూడా. మీరు వెళ్లొద్దు."

ఆయన చెయ్యి నా మోచేతి మీదే ఉంది.

"వెళ్లకూడదని ఇబ్రా నుంచి వచ్చిన రోజే అనుకున్నాను" అన్నారు. "నువ్వు వెళ్లొద్దంటావేమోనని చూస్తున్నా."

నేను తుపాకీ దించి బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, అందరి ముందూ ఏడ్చేశాను. సంఘ పెద్ద గారు దూరం నుంచి చూసి గుండు తగిలిందేమోనని పరుగెత్తుకొచ్చారు. ఏమీ లేదని చెప్పి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పసుపు బెలూన్‌ను ఇంకెవరూ కొట్టలేదు. మేకు నుంచి విప్పి వెనక సీట్లో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాం.